లిబ్రెఆఫీస్‌లో కొత్త తెలుగు ఫాంట్లు: దించుకోవడం నుంచి ముద్రణ దాకా

నల్లగొండ, మహబూబ్‌నగర్ వంటి పట్టణాల్లో బడి వార్షికోత్సవ ఆహ్వానం కావాలన్నా, గ్రామసభ నోటీసు కావాలన్నా, పొదుపు సంఘం తీర్మానాన్ని పొందికగా టైపు చేయించాలన్నా చాలామంది ఇప్పటికీ డీటీపీ సెంటర్‌కే వెళ్తున్నారు. ఉచితంగా దొరికే ఆఫీసు సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్‌కు ఉచితంగానే దొరికే మంచి యూనికోడ్ ఫాంటు తోడైతే ఈ పనులన్నీ బడి కంప్యూటర్‌లోనో ఇంట్లోని ల్యాప్‌టాప్‌లోనో పూర్తి చేసుకోవచ్చు. అయితే కొత్త ఫాంటును ఇన్‌స్టాల్ చేసినవారిలో చాలామంది, పత్రంలో అక్షరాలు మాత్రం మారలేదని, ఫాంటులోనే ఏదో లోపం ఉందని అనుకొని ఆ ప్రయత్నాన్నే వదిలేస్తుంటారు. లోపం ఫాంటులో ఉండడం అరుదు. ఫాంటును కంప్యూటర్‌లో చేర్చడం సగం పని మాత్రమే; తెలుగు అక్షరాలకు ఆ ఫాంటునే వాడాలని లిబ్రెఆఫీస్‌కు విడిగా చెప్పడం మిగతా సగం. ఈ వ్యాసంలో రెండింటినీ వివరిస్తాను గానీ, ఎక్కువ చోటు రెండో సగానికే ఇస్తాను.

ఎలాంటి ఫాంటు కావాలి

వాడుకలో ఉన్న తెలుగు ఫాంట్లు ప్రధానంగా రెండు రకాలు. మొదటి రకం డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి నడుస్తున్న పాత ఫాంట్లు. వీటిలో ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లోనే తెలుగు అక్షరాల ముక్కలను, అంటే తలకట్టునో గుడినో ఒత్తునో, పెట్టి ఉంచుతారు. అను ఫాంట్లు ఈ కోవకే చెందుతాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అదే ఫైలును తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. రెండో రకం యూనికోడ్ ఫాంట్లు. వీటిలో ప్రతి తెలుగు అక్షరానికీ ప్రపంచమంతటా ఒకటే సంఖ్య ఉంటుంది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి వెర్షన్ నుంచే తెలుగుకు 128 స్థానాల గడి ఒకటి కేటాయించి ఉంది. ఫోన్‌లో మనం పంపుకునే తెలుగు సందేశాలు, తెలుగు వెబ్‌సైట్లలోని వార్తలు అన్నీ ఈ పద్ధతిలోనే ఉంటాయి. లిబ్రెఆఫీస్‌లో కొత్తగా పని మొదలుపెట్టేవారు యూనికోడ్ ఫాంట్లనే ఎంచుకోవాలి. వాటితో రాసిన పత్రంలో మాటను వెతకవచ్చు, నకలు తీసి ఫోన్‌లోకి పంపవచ్చు, ఫాంటు మార్చినా పాఠం చెడిపోదు.

స్వేచ్ఛగా వాడుకోదగ్గ యూనికోడ్ తెలుగు ఫాంట్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన 2000, వేమన 2000 ఈ దారిలో ముందుగా వచ్చినవాటిలో ఉన్నాయి. సిలికానాంధ్ర అనే సాంస్కృతిక సంస్థ ఆధ్వర్యంలో వెలువడిన మండలి, రామభద్ర, గిడుగు, గురజాడ, సూరన్న, తిమ్మన, ధూర్జటి, పెద్దన, మల్లన్న వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. గూగుల్ వారివే నోటో సాన్స్ తెలుగు, నోటో సెరిఫ్ తెలుగు కూడా అక్కడే ఉన్నాయి. సిలికానాంధ్ర వరుసలోని సురవరం అనే ఫాంటును మన ప్రాంతంవారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన, 1926లో గోలకొండ పత్రికను స్థాపించి నడిపిన సురవరం ప్రతాపరెడ్డి పేరు మీద దానికి ఆ పేరు పెట్టారు. నల్లగొండ నుంచి 1922లోనే నీలగిరి పత్రిక వెలువడిందని గుర్తు చేసుకుంటే, తెలుగు అచ్చు కోసం ఈ నేల పడిన తపన ఎంత పాతదో తెలుస్తుంది. ఆ తపనకు ఇప్పుడు కావలసిన సాధనాలు పైసా ఖర్చు లేకుండా మన ముందున్నాయి.

ఎంపిక విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పేజీల కొద్దీ చదవవలసిన పాఠానికి మండలి గానీ, నోటో సెరిఫ్ తెలుగు గానీ బాగుంటాయి. దూరం నుంచి కనబడవలసిన నోటీసు శీర్షికకు రామభద్ర వంటి బొద్దైన ఫాంటు నప్పుతుంది గానీ, అదే ఫాంటుతో పేజీ అంతా నింపితే చదివేవారి కళ్లు అలసిపోతాయి. ఒక పత్రంలో శీర్షికకు ఒకటి, పాఠానికి ఒకటి చొప్పున రెండు ఫాంట్లు చాలు.

లైసెన్సును కూడా ఒకసారి చూసుకోవాలి. గూగుల్ ఫాంట్స్‌లోని తెలుగు ఫాంట్లలో ఎక్కువ భాగం ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద వచ్చినవి. వాటిని సొంత పనికీ, డబ్బు తీసుకొని చేసే ముద్రణ పనికీ నిరభ్యంతరంగా వాడుకోవచ్చు, ఇతరులకు పంచవచ్చు. ఫాంటు ఒక్కదానినే విడి సరుకుగా అమ్మకూడదు. ఎవరు పెట్టారో తెలియని వెబ్‌సైట్ల నుంచి, వాట్సాప్ గ్రూపుల నుంచి ఫాంట్లను దించుకోకపోవడమే మంచిది. వాటిలో కొన్ని డబ్బు పెట్టి కొనవలసిన ఫాంట్ల దొంగ నకళ్లు. కొన్నింటితో పాటు అక్కరలేని ప్రోగ్రాములు కూడా కంప్యూటర్‌లోకి చేరతాయి. ఫాంటు పేరుతో వచ్చిన ఫైలు డబుల్ క్లిక్ చేయగానే సెటప్ ప్రోగ్రాము నడపడానికి అనుమతి అడిగితే అక్కడే ఆపేయాలి. నిజమైన ఫాంటు ఫైలు ఎప్పుడూ అలా అడగదు.

విండోస్‌లో ఇన్‌స్టాల్ చేయడం

గూగుల్ ఫాంట్స్‌లో కావలసిన ఫాంటు పేజీని తెరిచి దించుకుంటే ఒక జిప్ ఫైలు వస్తుంది. దాని మీద కుడి క్లిక్ చేసి, ఎక్స్‌ట్రాక్ట్ ఆల్ అనే ఆదేశంతో ముందుగా విప్పుకోవాలి. జిప్ లోపలి నుంచే నేరుగా ఇన్‌స్టాల్ చేయబోతే ఒక్కోసారి పని సగంలో ఆగిపోతుంది. విప్పిన ఫోల్డర్‌లో టీటీఎఫ్ లేదా ఓటీఎఫ్ అనే కొస ఉన్న ఫైళ్లు కనిపిస్తాయి. మనకు కావలసినవి అవే. డబ్ల్యూఓఎఫ్ఎఫ్ అనే కొస ఉన్నవి వెబ్‌సైట్ల కోసం చేసినవి కాబట్టి ఆఫీసు పనికి ఉపయోగపడవు. నోటో వంటి కొన్ని ఫాంట్లకు ఒకే ఫైలులో సన్నం, మామూలు, బొద్దు అన్నీ ఇమిడిన వేరియబుల్ ఫాంటుతో పాటు స్టాటిక్ అనే ఉపఫోల్డర్‌లో ఒక్కో బరువుకు ఒక్కో ఫైలు కూడా ఉంటుంది. లిబ్రెఆఫీస్ పాత వెర్షన్లు వేరియబుల్ ఫాంట్లను పీడీఎఫ్‌లోకి సరిగా పంపలేవు. 2023లో వచ్చిన 7.5 వెర్షన్ నుంచి ఈ ఇబ్బంది తగ్గింది. మన బడుల్లోనూ కార్యాలయాల్లోనూ పాత వెర్షన్లే ఎక్కువగా ఉంటాయి కాబట్టి స్టాటిక్ ఫోల్డర్‌లోని రెగ్యులర్, బోల్డ్ ఫైళ్లను మాత్రమే ఇన్‌స్టాల్ చేసుకోవడం క్షేమం.

ఆ ఫైళ్లను ఎంచుకొని కుడి క్లిక్ చేస్తే ఇన్‌స్టాల్, ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్ అనే రెండు ఆదేశాలు కనిపిస్తాయి. మొదటిదానికి అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అక్కరలేదు, కానీ ఫాంటు ఆ ఒక్క వాడుకరికే అందుతుంది. బడి ల్యాబ్‌లో, పంచాయతీ కార్యాలయంలో ఒకే కంప్యూటర్‌ను పలువురు వేర్వేరు ఖాతాలతో వాడుతుంటారు కాబట్టి, పాస్‌వర్డ్ తెలిసినవారి సాయంతో రెండోదాన్ని ఎంచుకోవాలి. విండోస్ 11లో రెండో ఆదేశం కనబడకపోతే కుడి క్లిక్ చేసినప్పుడు వచ్చే పట్టీలో చివరన ఉన్న షో మోర్ ఆప్షన్స్‌ను నొక్కి చూడాలి.

విండోస్‌కు సంబంధించి మరో సంగతి చాలామందిని తికమక పెడుతుంది. విండోస్ ఎక్స్‌పీ, విండోస్ 7 రోజుల్లో గౌతమి ఫాంటుతో చేసిన పత్రాలు మన కార్యాలయాల్లో లెక్కలేనన్ని ఉన్నాయి. విండోస్ 10 నుంచి గౌతమి, వాణి ఫాంట్లు మొదటి నుంచే ఉండడం లేదు. వాటి స్థానంలో నిర్మల యూఐ ఉంటుంది. దానితో పాత పత్రంలోని వరుసలు జరిగిపోయి, ఒక పేజీలో సరిపోయిన దరఖాస్తు రెండో పేజీకి పాకుతుంది. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్ అనే చోటుకు వెళ్లి, అక్కడి జాబితాలో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అనే అంశాన్ని చేర్చుకుంటే గౌతమి, వాణి రెండూ తిరిగి వస్తాయి. దీనికి ఇంటర్నెట్ తప్ప వేరే ఏ ఖర్చూ ఉండదు.

లినక్స్‌లో

ఉబుంటు, మింట్ వంటి వాటిలో ఫాంటు ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే అక్షరాల నమూనాతో ఒక కిటికీ తెరుచుకుంటుంది; అందులోని ఇన్‌స్టాల్ మీట నొక్కితే పని అయిపోతుంది. ఒకేసారి చాలా ఫాంట్లు చేర్చాలంటే హోమ్ ఫోల్డర్‌లో దాగి ఉన్న, చుక్కతో మొదలయ్యే లోకల్ అనే ఫోల్డర్‌ను తెరిచి, దానిలోని షేర్ అనే ఫోల్డర్‌లో ఫాంట్స్ పేరుతో ఒక ఫోల్డర్ చేసి, ఫైళ్లన్నింటినీ అందులో పెట్టాలి. దాగిన ఫోల్డర్లు కనబడడానికి కంట్రోల్, హెచ్ మీటలను కలిపి నొక్కాలి. ఇంటర్నెట్ సౌకర్యం ఉంటే సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో తెలుగు ఫాంట్స్ అని వెతికి, పోతన, వేమన, లోహిత్ తెలుగు వంటి వాటిని ప్యాకేజీలుగానే పొందవచ్చు. ఇలా వచ్చినవి కంప్యూటర్ వాడే అందరికీ అందుతాయి.

ఏ వ్యవస్థలోనైనా, ఫాంటు ఇన్‌స్టాల్ చేసే సమయానికి లిబ్రెఆఫీస్ తెరిచి ఉంటే దాన్ని పూర్తిగా మూసి మళ్లీ తెరవాలి. విండోస్‌లో గడియారం పక్కన క్విక్‌స్టార్టర్ గుర్తు కనబడుతుంటే పత్రాలన్నీ మూసినా లిబ్రెఆఫీస్ లోపల నడుస్తూనే ఉంటుంది. ఆ గుర్తు మీద కుడి క్లిక్ చేసి దాన్ని కూడా ఆపాలి. ఆ తరువాత లిబ్రెఆఫీస్‌లో పత్రాలు రాసే భాగమైన రైటర్‌లో ఫాంటు పేరు ఉండే పెట్టెలో కొత్త ఫాంటు పేరులోని మొదటి కొన్ని అక్షరాలు టైపు చేస్తే ఆ పేరు కనిపించాలి. కనిపిస్తే మొదటి సగం ముగిసినట్టే.

తెలుగుకు ఏ ఫాంటు వాడాలో లిబ్రెఆఫీస్‌కు చెప్పడం

లిబ్రెఆఫీస్ ప్రపంచంలోని లిపులను మూడు గుంపులుగా చూస్తుంది. ఇంగ్లీషు వంటివి వెస్టర్న్ గుంపులోకి, చైనా, జపాన్, కొరియా లిపులు ఏషియన్ గుంపులోకి వస్తాయి. తెలుగు, హిందీ, ఉర్దూ, తమిళం వంటివి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అనే మూడో గుంపులో ఉంటాయి. దీన్నే క్లుప్తంగా సీటీఎల్ అంటారు. అక్షరం కింద ఒత్తు, పైన గుడి, పక్కన దీర్ఘం చేరి రూపం మారే లిపులకు ప్రత్యేకమైన అమరిక అవసరం కాబట్టి ఈ విభజన చేశారు. దీని ఫలితం ఏమిటంటే, ఒకే పేరాకు లోపల మూడు ఫాంట్లు, మూడు సైజులు, మూడు భాషలు నిర్ణయమై ఉంటాయి. మనం వెస్టర్న్ ఫాంటును ఎన్నిసార్లు మార్చినా తెలుగు అక్షరాలు కదలవు. వాటి ఫాంటు వేరే గడిలో ఉంది.

ఆ గడిలో మొదటి నుంచి ఉండేది సాధారణంగా మంగళ్, లోహిత్ దేవనాగరి, నోటో సాన్స్ దేవనాగరి వంటి హిందీ ఫాంటు. దానిలో తెలుగు అక్షరాలు ఉండవు. అప్పుడు లిబ్రెఆఫీస్ మనకు ఏ హెచ్చరికా చేయకుండా, తెలుగు ఉన్న వేరే ఏదో ఒక ఫాంటును కంప్యూటర్ నుంచి తీసుకొని అక్షరాలను చూపిస్తుంది. పెట్టెలో లోహిత్ దేవనాగరి అని పేరు ఉంటుంది, పేజీలో తెలుగు మామూలుగానే కనబడుతుంది. ఆ పత్రాన్ని మిర్యాలగూడలోని ఒక కంప్యూటర్ నుంచి దేవరకొండలోని మరో కంప్యూటర్‌కు పంపితే అక్కడ వేరే ఫాంటు ఎంపిక కావచ్చు, వరుసలు మారవచ్చు. ఈ ఒక్క విషయం అర్థమైతే లిబ్రెఆఫీస్‌లో తెలుగుతో వచ్చే చిక్కుల్లో ఎక్కువ భాగం తీరిపోతాయి.

చేయవలసిన పని ఇది. టూల్స్ మెనూలో ఆప్షన్స్ తెరిచి, లాంగ్వేజ్ సెట్టింగ్స్ కింద లాంగ్వేజెస్ అనే పేజీకి వెళ్లాలి. కొత్త వెర్షన్లలో ఇదే లాంగ్వేజెస్ అండ్ లొకేల్స్ కింద జనరల్ అనే పేరుతో ఉంటుంది. పత్రాల భాషలను నిర్ణయించే భాగంలో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ ఎదుట టిక్ పెట్టి, పక్కనున్న జాబితాలో తెలుగును ఎంచుకోవాలి. కొన్ని కంప్యూటర్లలో టిక్ ముందే ఉండి, భాష మాత్రం హిందీగా ఉంటుంది. దాన్ని తప్పక మార్చాలి. ఆ తరువాత అదే ఆప్షన్స్ కిటికీలో లిబ్రెఆఫీస్ రైటర్ కింద బేసిక్ ఫాంట్స్ సీటీఎల్ అనే పేజీని తెరవాలి. పైన టిక్ పెట్టకపోతే ఈ పేజీ కనబడదు. అందులో డిఫాల్ట్, హెడింగ్, లిస్ట్, క్యాప్షన్, ఇండెక్స్ అనే ఐదు వరుసలు ఉంటాయి. డిఫాల్ట్ ఎదుట పాఠానికి ఎంచుకున్న ఫాంటును, హెడింగ్ ఎదుట శీర్షికల ఫాంటును, మిగిలినవాటి ఎదుట మళ్లీ పాఠం ఫాంటును ఇచ్చి, సైజులు కూడా నింపి ఓకే నొక్కాలి.

ఇప్పటికే ఉన్న పత్రంలో మార్పు కావాలంటే స్టైల్స్ ద్వారా, అంటే పేరాలకు, శీర్షికలకు పేరు పెట్టి దాచిన రూపాల ద్వారా వెళ్లాలి. పాఠమంతటినీ ఎంచుకొని పైపెట్టెలో ఫాంటు మార్చే అలవాటు చిన్న నోటీసుకు సరిపోతుంది గానీ, నలభై పేజీల ప్రాజెక్టు నివేదికకు సరిపోదు. ఎఫ్11 మీట నొక్కితే స్టైల్స్ జాబితా పక్కన తెరుచుకుంటుంది. డిఫాల్ట్ పేరాగ్రాఫ్ స్టైల్ మీద కుడి క్లిక్ చేసి, ఎడిట్ స్టైల్ లేదా మాడిఫై అనే ఆదేశాన్ని ఎంచుకోవాలి. ఫాంట్ అనే ట్యాబ్‌లో వెస్టర్న్, సీటీఎల్ విడివిడిగా కనిపిస్తాయి. సీటీఎల్ భాగంలో ఫాంటు పేరు, రకం, సైజు, భాష నాలుగూ సరిచూసుకోవాలి. బొద్దు కూడా రెండు భాగాలకు వేర్వేరుగా ఉంటుంది కాబట్టి వెస్టర్న్‌లో బోల్డ్ పెట్టినంత మాత్రాన తెలుగు శీర్షిక బొద్దుగా మారదు. హెడింగ్ స్టైల్‌కు సొంత ఫాంటు ఉంటుంది, దాన్ని కూడా ఇలాగే మార్చాలి. లెక్కల పట్టికలు చేసే కాల్క్‌లోనూ ఇంతే: ఎఫ్11 నొక్కి, డిఫాల్ట్ సెల్ స్టైల్‌లోని సీటీఎల్ ఫాంటును మారిస్తే హాజరు పట్టీలోని పేర్లన్నీ ఒకేసారి కొత్త ఫాంటులోకి వస్తాయి.

ఇలా సిద్ధం చేసుకున్న ఖాళీ పత్రాన్ని ఫైల్ మెనూలోని టెంప్లేట్స్ కింద సేవ్ యాజ్ టెంప్లేట్ ద్వారా దాచి, దాన్నే డిఫాల్ట్ టెంప్లేట్‌గా ఎంచుకుంటే, ఆపైన తెరిచే ప్రతి కొత్త పత్రమూ సరైన తెలుగు ఫాంటుతోనే మొదలవుతుంది. ఒకరు చేసి పెట్టిన టెంప్లేట్‌ను ఫాంటు ఫైళ్లతో కలిపి పెన్‌డ్రైవ్‌లో ఇస్తే మండలంలోని బడులన్నీ ఒకే తీరు పత్రాలు తయారు చేసుకోగలవు. ఈ పనికి కంప్యూటర్ తెలిసిన ఒక ఉపాధ్యాయుడో ఉపాధ్యాయురాలో ముందుకు వస్తే చాలు.

మన ఊళ్ల పేర్లతో పరీక్షించడం

ఫాంటు బాగుందో లేదో తేల్చడానికి అమ్మ, ఆవు వంటి సులువైన మాటలు పనికిరావు. సంయుక్తాక్షరాలు, గుణింతాలు కలిసే చోటే ఫాంటు సత్తా బయటపడుతుంది. దక్షిణ తెలంగాణ ఊళ్ల, నదుల పేర్లే ఇందుకు చక్కని పరీక్ష. జడ్చర్ల, సూర్యాపేట, మిర్యాలగూడ, వనపర్తి, గద్వాల, నాగార్జునసాగర్, చెర్వుగట్టు, పిల్లలమర్రి, కురుమూర్తి, తుంగభద్ర, ఉమామహేశ్వరం అని ఒక వరుస టైపు చేసి, పద్దెనిమిది సైజులో పెట్టి చూడాలి. ఒత్తులు తమ అక్షరం కిందనే సరిగా కూర్చున్నాయా, పక్క అక్షరాన్ని తాకుతున్నాయా అన్నది గమనించాలి. ఆ తరువాత స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, స్వాతంత్ర్యం, జ్యోత్స్న, వాఙ్మయం, హృదయం వంటి మాటలను చూడాలి. వీటిలో ఎక్కడైనా ఒత్తుకు బదులు చుక్కల వలయం గానీ, ఖాళీ పెట్టె గానీ వస్తే ఆ ఫాంటు అసంపూర్ణమని అర్థం. పాత పద్యాలు, శతకాలు టైపు చేసేవారు అరసున్నను, బండి ఱను, ౘ, ౙ అక్షరాలను కూడా పరీక్షించాలి. ఈ చివరి రెండూ అన్ని ఫాంట్లలో ఉండవు. రూపాయి గుర్తు ₹ 2010లో వచ్చింది కాబట్టి అంతకు ముందు తయారైన ఫాంట్లలో అది లేకపోవచ్చు. అప్పుడు లిబ్రెఆఫీస్ ఆ గుర్తును వేరే ఫాంటు నుంచి తెస్తుంది. రసీదు పుస్తకాలు చేసేవారు ఆ తేడాను గమనించాలి.

ఈ ప్రాంతపు పేర్లతో వచ్చే మరో ముఖ్యమైన చిక్కును విడిగా చెప్పాలి. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, హుజూర్‌నగర్, షాద్‌నగర్ వంటి పేర్లలో మధ్యన పొల్లు హల్లు వస్తుంది. దాని తరువాత వచ్చే హల్లు ఒత్తుగా మారకుండా ఆపాలంటే, ఆ రెంటి నడుమ కంటికి కనబడని ఒక గుర్తు ఉండాలి. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. ఆ గుర్తు లేకపోతే మహబూబ్నగర్, నాగర్కర్నూల్ అని వస్తాయి. ఇవి ఫాంటు తప్పులు కావు, కాబట్టి ఎన్ని ఫాంట్లు మార్చినా పోవు. జిల్లా పేరే తప్పుగా ఉన్న బ్యానర్లు కూడళ్లలో కనబడుతున్నాయంటే కారణం ఎక్కువగా ఇదే. చాలా తెలుగు కీబోర్డుల్లో ఈ గుర్తుకు ఒక మీట ఉంటుంది. అది తెలియనప్పుడు రైటర్‌లో పొల్లు తరువాత ఇంగ్లీషు కీబోర్డుకు మారి, రెండు, సున్నా, సున్నా, ఆపై సీ అక్షరం వరుసగా కొట్టి, వెంటనే ఆల్ట్, ఎక్స్ మీటలను కలిపి నొక్కితే ఆ నాలుగూ మాయమై వాటి స్థానంలో ఆ గుర్తు చేరుతుంది. ప్రతిసారీ ఇంత శ్రమ అక్కరలేదు. టూల్స్ మెనూలోని ఆటోకరెక్ట్ ఆప్షన్స్‌లో, రీప్లేస్ అనే ట్యాబ్ కింద, ఎడమ గడిలో తప్పు రూపాన్ని, కుడి గడిలో సరైన రూపాన్ని అతికించి న్యూ నొక్కితే, ఆపైన ఆ పేరు టైపు చేసి ఖాళీ కొట్టగానే తనంతట తానే సరిపడుతుంది. మన ఉమ్మడి జిల్లాల్లోని ఇలాంటి పేర్లన్నింటినీ ఒకసారి చేర్చుకుంటే చాలు.

సైజు, వరుసల ఎడం

తెలుగు ఫాంట్లన్నీ ఒకే సైజులో ఒకే ఎత్తు ఉండవు. మండలిలో పన్నెండు సైజు నిండుగా కనబడితే, మరో ఫాంటులో అదే పన్నెండు బాగా చిన్నగా కనబడవచ్చు. అందువల్ల ఫాంటు మార్చిన ప్రతిసారీ ఒక పేజీ ముద్రించి చూసి సైజును నిర్ణయించాలి. తెర మీది కొలతను నమ్మకూడదు. తెలుగు, ఇంగ్లీషు కలిసిన పత్రంలో రెండింటి సైజులు వేర్వేరుగా ఉంచితేనే చూపుకు సమంగా ఉంటాయి. సీటీఎల్ సైజు వెస్టర్న్ కంటే ఒకటి రెండు పాయింట్లు ఎక్కువో తక్కువో పెట్టి చూడాలి.

వరుసల ఎడాన్ని ఫార్మాట్ మెనూలోని పేరాగ్రాఫ్ కింద మార్చవచ్చు. అక్కడ ఫిక్స్‌డ్ అనే పద్ధతిని తెలుగుకు వాడకపోవడమే మంచిది. కొలత తక్కువైతే పై వరుసలోని ఒత్తులు కింది వరుసలోని గుడులతో కలిసిపోతాయి, అక్షరాల పైభాగం తెగినట్టు కనబడుతుంది. ప్రపోర్షనల్ ఎంచుకొని నూటికి కొంచెం అటూ ఇటూగా సర్దుకుంటే సరిపోతుంది. కొన్ని ఫాంట్లు వాటంతట అవే చాలా ఎక్కువ ఎడం వదులుతాయి. వాటికి తొంభై శాతం పెట్టి చూడాలి.

పాత డీటీపీ ఫైళ్లు

పాత డీటీపీ ఫాంటుతో టైపు చేసిన పాఠాన్ని ఎంచుకొని దానికి మండలినో పోతననో ఇస్తే అది తెలుగుగా మారదు. అందులో ఉన్నవి నిజానికి ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలే కాబట్టి లిబ్రెఆఫీస్ ఆ పాఠాన్ని వెస్టర్న్‌గానే పరిగణిస్తుంది. వెస్టర్న్ ఫాంటు మార్చినప్పుడు అక్షరాలు చెదిరితే అది పాత పద్ధతి ఫైలని తేల్చుకోవచ్చు. అలాంటి పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే ఉచిత పరికరాలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. మార్చిన తరువాత సంయుక్తాక్షరాలను, అంకెలను, విరామ చిహ్నాలను మూలంతో పోల్చి చదవడం తప్పనిసరి. ముఖ్యంగా భూమి సర్వే నంబర్లు, తేదీలు, డబ్బు లెక్కలు ఉన్న తీర్మానాలను ఇద్దరు కలిసి, ఒకరు చదువుతుండగా మరొకరు చూస్తూ సరిచూడాలి.

ఇతరులకు, ముద్రణకు పంపడం

పత్రాన్ని మరొకరు దిద్దవలసి ఉంటే ఫైల్ మెనూలోని ప్రాపర్టీస్‌లో ఫాంట్ అనే ట్యాబ్ తెరిచి, ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ డాక్యుమెంట్ అనే చోట టిక్ పెట్టాలి. అప్పుడు ఫాంటు ఫైలు పత్రంతో పాటే ప్రయాణిస్తుంది. పత్రంలో వాడిన ఫాంట్లను మాత్రమే చేర్చే టిక్‌ను కూడా పెడితే ఫైలు అనవసరంగా బరువెక్కదు. అక్కడే లిపుల ఎంపిక కూడా ఉంటే కాంప్లెక్స్ లిపుల ఎదుట టిక్ ఉందో లేదో చూసుకోవాలి. మీకు వచ్చిన పత్రంలో ఫాంటు పేరు వాలు అక్షరాలతో కనబడితే, ఆ ఫాంటు మీ కంప్యూటర్‌లో లేదని, లిబ్రెఆఫీస్ వేరేదాన్ని వాడుతోందని గ్రహించాలి. ఆ పేరుగల ఫాంటును ఇన్‌స్టాల్ చేసుకొని పత్రాన్ని మళ్లీ తెరిస్తే సరిపోతుంది.

ముద్రణకు పంపేటప్పుడు మాత్రం పీడీఎఫ్ ఒక్కటే నమ్మదగిన మార్గం. మన పట్టణాల్లో చాలా ప్రెస్సులు ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత పేజీ అమరిక సాఫ్ట్‌వేర్‌తోనే పని చేస్తున్నాయి, అది యూనికోడ్ తెలుగును చూపలేదు. లిబ్రెఆఫీస్ ఫైలునో వర్డ్ ఫైలునో ఇస్తే వారు దాన్ని తమ పాత ఫాంటులో మళ్లీ టైపు చేయిస్తారు, ఆ క్రమంలో కొత్త తప్పులు దొర్లుతాయి. ఫైల్ మెనూలోని ఎక్స్‌పోర్ట్ యాజ్ పీడీఎఫ్ ద్వారా చేసిన పీడీఎఫ్‌లో అక్షరాల రూపాలు ఇమిడిపోయి ఉంటాయి కాబట్టి ఏ కంప్యూటర్‌లో తెరిచినా ఒకేలా కనబడుతుంది. ఫ్లెక్సీ బ్యానర్ చేసేవారు కూడా దాన్ని ఫోటోషాప్‌లో బొమ్మలా తెరుచుకోగలరు. పేజీ కొలతను మాత్రం మొదటే ప్రెస్సువారిని అడిగి తెలుసుకొని, ఫార్మాట్ మెనూలోని పేజ్ స్టైల్‌లో నింపాలి. చివర్లో మారిస్తే వరుసలన్నీ మళ్లీ సర్దుకోవలసి వస్తుంది.

పీడీఎఫ్ తయారైన తరువాత దాన్ని తెరిచి, ప్రాపర్టీస్‌లోని ఫాంట్స్ జాబితా చూడాలి. అక్కడ మీరు ఎంచుకున్న ఫాంటు పేరు, దాని పక్కన ఎంబెడెడ్ అనే మాట ఉండాలి. ఆ జాబితాలో మీరు ఎంచుకోని మరో తెలుగు ఫాంటు పేరు కూడా కనబడితే, పత్రంలో ఎక్కడో ఒక పేరానో, పట్టికలోని ఒక గడో, పేజీ కింది వరుసో ఇంకా పాత సీటీఎల్ ఫాంటుతోనే ఉందన్నమాట. పాదసూచిక, పేజీ సంఖ్య, పట్టిక శీర్షికల స్టైళ్లను ఒక్కొక్కటిగా తెరిచి అక్కడి సీటీఎల్ ఫాంటును సరిచేసి, పీడీఎఫ్‌ను మళ్లీ చేసి, ఆ తరువాతే ప్రెస్సుకు పంపాలి.